రాయుడు ముట్టని ఉగ్గాని

తన తోపుడు బండి దగ్గర హనుమంతరాయుడు ఉగ్గాని తినడం మానేసినప్పుడు అమీర్ బీ సంతోషపడింది. అబద్ధమెందుకు, చాలానే సంతోషపడింది. ఆరేళ్లుగా ఆ మనిషి పొద్దున ఏడు కొట్టకముందే స్కూటర్ మీద ఊడిపడేవాడు. స్కూటర్ దిగకుండానే చెయ్యి చాపేవాడు. ప్లేటు నిండా బొరుగుల ఉగ్గాని, దాని మీద నాలుగు మిరపకాయ బజ్జీలు. తిన్నంతసేపూ వంకలు పెట్టేవాడు. ఉప్పు చాలలేదనేవాడు, పప్పుల పొడి పిసినారిగా వేశావనేవాడు. తిన్నాక ఆమె తాగే నీళ్ల చెంబు తీసుకుని, ఆ నీళ్లతోనే పుక్కిలించి, బండి చక్రం పక్కన ఉమ్మి పోయేవాడు. డబ్బు మాట అతనూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. బండి పెట్టుకున్నది అతను చూసుకునే బిల్డింగు గేటు ముందు. ఉంటున్నది అదే బిల్డింగులో, కింది వాటాలో. ఇక అడిగేదేముంది?

"షుగర్ వచ్చిందంట అమీర్ బీ. డాక్టర్ బొరుగులు తినొద్దన్నాడు" అని చెప్పాడు రాయుడు ఒక గురువారం పొద్దున. తేరు అయిన వారం అది. నరసింహస్వామి రథోత్సవానికి వచ్చిన జనం ఇంకా పూర్తిగా ఊరు ఖాళీ చెయ్యలేదు. ఆమె ముఖం దిగాలుగా పెట్టి "అయ్యో అన్నా, జాగ్రత్త" అంది. లోపల మాత్రం షుగర్ జబ్బుకు ఒక దండం పెట్టుకుంది.

కదిరి స్టేషన్ వైపు పోయే సందులో ఆ బిల్డింగు మూడంతస్తులది, ఆరు వాటాలు. యజమాని బెంగుళూరులో ఉంటాడు. అతన్ని అద్దెకున్నవాళ్లలో ఎవరూ చూడలేదు. నంబరు అడిగితే రాయుడు, "నాకు చెప్తే ఓనర్‌కు చెప్పినట్టే" అంటాడు. మేనేజర్ అని బోర్డు రాయించుకుని మెట్ల కింద తగిలించుకున్నాడు. మేనేజర్ చేసే పని ఏమిటని అడిగితే మాత్రం చెప్పడం కష్టం. కుళాయి కారుతోందంటే సైకిల్ ట్యూబు ముక్క చుట్టి పోతాడు. గోడకు చెమ్మ పట్టిందంటే దాని మీద దేవుడి క్యాలెండర్ వేలాడదీసుకోమంటాడు. అన్ని వాటాలకూ తాళంచెవులు అతని దగ్గర ఒక గుత్తి ఉన్నాయి. ఆడవాళ్లు స్నానానికి పోయిన వేళ కూడా తలుపు తట్టకుండా లోపలికొచ్చి, "మీటర్ చూస్తాండా" అంటాడు. ఏ ఫిర్యాదైనా ఫోన్‌లో గ్రూపులో పెట్టాలి. పెడితే రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి, మర్నాడు పొద్దున ఒక గులాబీ పువ్వు వస్తాయి. ఫిర్యాదు కథ అంతటితో సరి.

పై అంతస్తులో ఆర్టీసీ కండక్టర్ రామాంజనేయులు ఉంటాడు. ఆ గులాబీ పూలు చూసి చూసి, "ఈయప్ప పూలంగడి పెట్టుకున్న్యా బాగుండు" అనేవాడు.

ఈసారి తేరుకు రాయుడు ఇంకో ఘనకార్యం చేశాడు. మేడ మీద షామియానా వేయించి, ఖాళీగా ఉన్న వాటా తలుపులు తెరిచి, ఊళ్ల నుంచి వచ్చిన జనాన్ని మూడు రోజులు అక్కడ పెట్టాడు. తలకింత అని వసూలు చేశాడు. ఆ జనమంతా ఒకే మరుగుదొడ్డికి వరస కట్టారు. మూడో రోజు బిల్డింగు వెనక మూల నుంచి మురికినీళ్లు ఉబికి వచ్చాయి. బుధవారం రాయుడు ఎవరినో పిలిపించి, వెనక తలుపు లోపల గడియ పెట్టుకుని ఏదో చేయించాడు. తర్వాత నీళ్ల సంపు మూత మీద పాత రుబ్బురోలు ఎత్తిపెట్టించి, ఆ తలుపుకు తాళం వేశాడు. పిల్లలు పడతారేమోనని చెప్పాడు. ఆ బిల్డింగులో చిన్నపిల్లలే లేరు.

ఆ తర్వాత కుళాయి నీళ్లలో వాసన మొదలైంది. కుళ్లిన వాసన కూడా కాదు, తలుపులు మూసిన గదిలో తడిబట్ట నాలుగు రోజులు మరిచిపోతే వచ్చే వాసన. వేరే ఊళ్లో అయితే జనం లేచి అరిచేవాళ్లు. ఇక్కడ అరవరు. ఈ గడ్డ మీద పుట్టినవాళ్లు ఉప్పునీళ్లు తాగారు, పళ్లు పచ్చబారే నీళ్లు తాగారు, ట్యాంకర్ అడుగున మిగిలిన మట్టినీళ్లు గుడ్డలో వడకట్టుకుని తాగారు. నీళ్లు రావడమే గొప్ప. వచ్చిన నీళ్లకు వాసన ఎంచడమంటే తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమే అనుకునే మనుషులు. "వెయ్యి అడుగుల బోరు, అడుగంటినట్టుండాది. వాసన రాకుంటే అత్తరు వస్తాదా?" అన్నాడు రాయుడు గ్రూపులో. అందరూ ఔనౌనన్నారు. అమీర్ బీ కూడా అంది. తర్వాత ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆమెకు తన నోరు తానే కడుక్కోవాలనిపించేది.

అప్పటికీ రామాంజనేయులు సంపు కడిగించమని గ్రూపులో పెట్టాడు. రెండు రోజులకు రాయుడు ఒక ఫోటో పంపాడు. నీలం పలకలు అతికించిన సంపు, అందులో ఒక మనిషి నిలబడి రుద్దుతున్నాడు. "క్లీన్ అయింది" అని రాసి, కింద గులాబీ పువ్వు పెట్టాడు.

తాగడానికి అందరూ క్యాన్ నీళ్లే కొంటారు. అమీర్ బీ కూడా అంతే. అన్నం, కూర పొయ్యి మీద ఉడుకుతాయి. కాబట్టి కుళాయి నీళ్లు నోట్లోకి పోవడం లేదని అందరూ నిశ్చింతగా ఉన్నారు.

అనీసా అమీర్ బీకి ఒక్కతే కూతురు. ఏడో నెలలో పురిటికని పుట్టింటికి వచ్చింది. అల్లుడు షాకీర్ సోమందేపల్లెలో టైర్ల పంక్చర్ షాపు పెట్టుకున్నాడు, ఆదివారం ఆదివారం వచ్చి పోతుంటాడు. ఈ ఏడు తేరు రంజాన్ నెలలో పడింది. అమీర్ బీ ఒక్క రోజా ఉపవాసం కూడా వదలదు. బండి మాత్రం మూయలేదు, పూట గడవాలి కదా. తెల్లవారుజామున సహరీ భోజనం ముగించి, ఆపైన నోటిలో చుక్క నీళ్లు పడకుండానే గంపెడు బొరుగులు తొట్టిలో పోసి, కుళాయి తిప్పి, నానగానే రెండు చేతులా పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి పోపులో వేసి కలిపేది. ఉపవాసంలో ఉన్న మనిషి ఉప్పు చూడకూడదు. వేవిళ్లు తగ్గి ఆకలి మీదున్న అనీసాకు ఉపవాసం లేదు. అందుకని ప్రతి పొద్దూ ఒక గుప్పెడు కూతురి అరచేతిలో పెట్టి, "ఉప్పు చూడమ్మా" అనేది. "ఇంకొంచెం పెట్టు, తెలీలే" అని నవ్వేది అనీసా. తల్లి ఇంకో గుప్పెడు పెట్టేది. కడుపుతో ఉన్న పిల్ల తింటుంటే చూడటం ఆమెకు ముచ్చటగా ఉండేది.

పండగ అయిపోయింది. ఎండలు ముదిరాయి. తేరు అయి అయిదు వారాలు దాటాక అనీసా అన్నం చూస్తేనే వాంతి చేసుకోవడం మొదలుపెట్టింది. రెండు రోజులు పైత్యమనుకున్నారు. మూడో రోజు పొద్దున జడ వేస్తూ కూతురి ముఖం తన వైపు తిప్పుకున్న అమీర్ బీ, జడ సగంలో వదిలి ఆమెను వెలుతురులోకి నడిపించింది. అనీసా కళ్లల్లో తెల్లగా ఉండాల్సిన చోటంతా పసుపు రాసినట్టుంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ రక్తం పరీక్ష కాగితం రెండుసార్లు చదివింది. తర్వాత అడిగింది.

"ఏం నీళ్లు తాగుతారు?"

"క్యాన్ నీళ్లేనమ్మా."

"వంటకు?"

"కుళాయివే. కానీ అన్నీ ఉడుకుతాయి గదమ్మా."

"ఉడకనిది ఏదైనా తిన్నదా? బాగా ఆలోచించుకుని చెప్పు."

అమీర్ బీ ఆలోచించింది. పళ్లు కాదు, మజ్జిగ కాదు. అప్పుడు తన చేతులు తనకే కనిపించాయి. తొట్టిలో మోచేతుల దాకా ముంచి, నీళ్లు పీల్చుకుని ఉబ్బిన బొరుగులను పిండుతున్న చేతులు. పోపులో వేసి కలపడమే కానీ ఉగ్గానిని ఎవరూ ఉడకబెట్టరు. నీళ్లు బొరుగుల కడుపులోనే ఉంటాయి.

"ఉగ్గాని" అంది.  "నేనే పెట్టినా. రోజూ ఉప్పు చూడమని."

"కడుపుతో ఉన్నవాళ్లకు నీళ్ల వల్ల వచ్చే ఈ కామెర్లు చాలా ప్రమాదం. అనంతపురం పెద్దాస్పత్రికి పంపుతున్నా, ఇప్పుడే పోవాలి" అంది డాక్టరమ్మ. కాగితం రాస్తూ తలెత్తింది. "నువ్వు ఉగ్గాని అమ్ముతావు కదా? అది తిన్నవాళ్లలో గర్భిణులు ఎవరైనా ఉంటే ఆలస్యం చెయ్యకుండా రక్తం చూపించుకోమని చెప్పు."

అమీర్ బీ గుండెలో ఇంకో రాయి పడింది. ఉన్నారు, ఒక్కతి ఉంది. సచివాలయంలో పనిచేసే హరిత. ఆరో నెల. మెట్టినిల్లు రాప్తాడు, ఉద్యోగం కోసం ఇక్కడ ఒంటరిగా గది తీసుకుని ఉంటోంది. రోజూ ఎనిమిదింటికి ఆఫీసుకు పోతూ ఒక పొట్లం కట్టించుకుంటుంది. కడుపుతో ఉన్న పిల్ల అని అమీర్ బీ ప్రతిసారీ రెండు గుప్పెళ్లు ఎక్కువే వేసింది.

షాకీర్ వచ్చి అనీసాను అనంతపురం తీసుకుపోయాడు. "నువ్వు బట్టలు సర్దుకోని రేపొద్దున రా అత్తా. ఈ పొద్దు నేను చూసుకుంటా" అన్నాడు. కూతురు ఎక్కిన బండి కనుమరుగయ్యేదాకా నిలబడి, అమీర్ బీ ఇంటిదారి పట్టింది.

స్టేషన్ గేటు దగ్గర ఇంకో ఉగ్గాని బండి ఉంది. దాని పక్కన తెలిసిన స్కూటర్ నిలబెట్టి ఉంది. రాయుడు చేతిలో ప్లేటు. నోటి నిండా బొరుగులు కుక్కుకుని, నమలడం కాకముందే బజ్జీ అందుకుంటున్నాడు. గడ్డం మీద పసుపు నూనె కారుతోంది. "ఇంకొంచెం వెయ్యప్పా, బొరుగులు మెత్తగా బాగుండాయి" అంటున్నాడు బండివాడితో.

షుగర్, బొరుగులు వద్దన్న డాక్టరు, సంపు మీదికెక్కిన రుబ్బురోలు, అన్నీ ఒక్కసారిగా ఆమె కళ్ల ముందు వరసగా నిలబడ్డాయి. వీడికి తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసి తన నోరు ఒక్కటి కాపాడుకున్నాడు. అమీర్ బీ ఆగకుండా ఇంటి వైపు అడుగులు పెంచింది.  

ఇంటికొచ్చి రామాంజనేయులును పిలిచింది. సంగతంతా చెప్పింది. అతను గడ్డపార తెచ్చి వెనక తలుపు తాళం పగలగొట్టాడు. ఇద్దరూ కలిసి రుబ్బురోలు దొర్లించారు. మూత ఎత్తగానే అతను ముక్కు మూసుకుని మూడడుగులు వెనక్కి పోయాడు. అమీర్ బీ కదల్లేదు. ఫోటోలోని నీలం పలకలు లేవు, ఆ సంపుకు ఎప్పుడూ లేవు. గచ్చు గోడ. గోడకు అవతల మరుగుదొడ్డి గుంత. మధ్యలో చెయ్యి పట్టేంత పగులు. దానికి సిమెంటు సంచి ఒకటి కుక్కి ఉంది. సంచి అంచుల నుంచి నల్లగా, జిగురుగా ఇంకా కారుతూనే ఉంది. కింద నీళ్ల మీద తెట్టు కట్టి, అందులో తెల్లటి పురుగులు నెమ్మదిగా కదులుతున్నాయి. బిల్డింగు మొత్తం ఆ నీళ్లతో పళ్లు తోముకుంది. తన బిడ్డ దాన్ని తిన్నది.

"ఎవరు పగలగొట్టమన్నారు తాళం?" రాయుడు ఎప్పుడొచ్చాడో వెనక నిలబడి ఉన్నాడు. గడ్డం మీద పసుపు మరక అట్లాగే ఉంది.

"ఇదేంది రాయుడన్నా?" అంది అమీర్ బీ.

"పాత బిల్డింగు. పగుల్తాది. ఓనర్‌కు చెప్పినా, వర్షాకాలంలో చూద్దామన్నాడు." నిజంగా చెప్పాడో లేదో ఆ దేవుడికే తెలియాలి. అతని ముఖంలో సిగ్గు అనేది మచ్చుకైనా లేదు.

"నా కూతురు ఆస్పత్రిలో ఉండాది."

"దానికి నేనేం చేద్దు? తాగేవి క్యాన్ నీళ్లు గదా మీరు." రాయుడు రామాంజనేయులు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "చూడు అమీర్ బీ, నీ మంచికే చెప్తాండా. ఈ మాట బయట పెట్టినావనుకో. ఊరు ఏమంటాది? ఆ నీళ్లు నానబెట్టి జనానికి పెట్టింది రాయుడా, నువ్వా? నేనెవరికీ ఒక్క మెతుకు పెట్టలే. నీ బండి దగ్గరికి మళ్ల కుక్క కూడా రాదు. మా వాటా రేపే ఖాళీ చెయ్యాల. ఈ ఊర్లో నీకు ఎవరు ఇల్లు ఇస్తారో అది కూడా చూస్తా. నోరు మూసుకోని ఉన్న్యావా, సంపు నేను కడిగిస్తా, అద్దె కూడా ఒక నెల వద్దు."

రామాంజనేయులు చొక్కా పట్టుకోబోయాడు. అమీర్ బీ అడ్డుచెయ్యి పెట్టింది. ఎందుకంటే ఆ నీచుడు చెప్పినదాంట్లో ఒక్క మాట మాత్రం నిజం. పెట్టింది తన చెయ్యే.

భర్త పోయాక పన్నెండేళ్లుగా ఆ చేతి మీదే బతికింది. హమాలీలు, లారీ డ్రైవర్లు, స్టేషన్లో దిగిన ప్రయాణికులు అమీర్ బీ చేతి ఉగ్గాని అని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. చెబితే ఆ పేరు పోతుంది, బండి పోతుంది, తల దాచుకునే చోటూ పోతుంది. అనీసా మందులకు రేపటి నుంచి డబ్బెక్కడిదో తెలియదు. చెప్పకుండా ఊరుకుంటే ఎవరికీ తెలియదు. హరితకు ఏమైనా అయితే అది ఎండ దెబ్బ అనుకుంటారు. అట్లా అనుకోనివ్వడం ఎంత సులువో తెలిసేసరికి ఆమెకు తన మీదే రోత పుట్టింది. రాయుడు చేసింది సరిగ్గా ఇదే కదా.

మర్నాడు అమీర్ బీ వేళకే బండి గేటు ముందుకు తోసింది. పొయ్యి వెలిగించలేదు. బాణలి బోర్లించి పెట్టింది. పక్కన అనంతపురం పోవడానికి బట్టల సంచి. ముందుగా వచ్చిన హమాలీలకు, "ఈ పొద్దు లేదు నాయనా. కొంచెంసేపు నిలబడండి, ఒక మాట చెప్పాల" అంది. ఎనిమిది కాకముందే హరిత వచ్చింది. ఆ పిల్ల కళ్లలోకి చూడటానికి అమీర్ బీకి ధైర్యం చాలలేదు. అయినా చూసింది. కళ్లు తెల్లగానే ఉన్నాయి.

అప్పుడు చెప్పింది. సంపులో ఏముందో చెప్పింది. బొరుగులు ఏ నీళ్లలో నానాయో చెప్పింది. తన కూతురు ఎక్కడుందో చెప్పింది. "నువ్వు ఆఫీసుకు పోవద్దమ్మా. నేరుగా ఆస్పత్రికి పోయి రక్తం చూపించుకో. మీరు కూడా అప్పా, ఒంట్లో బాగలేకుంటే ఊరుకోవద్దండి."

 ఒక ముసలి హమాలీ పక్కకు తిరిగి ఉమ్మాడు. పన్నెండేళ్లుగా ఆమె చేతి తిండి తిన్న మనిషి. "ఛీ. ఇన్ని దినాలు అది తినిపించినావా మాకు?" అన్నాడు. ఆమె తల వంచుకుంది. పడాల్సిన మాట, పడింది. హరిత ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని, ఇంకో చేత్తో బండి కొయ్య పట్టుకుంది.

స్కూటర్ వచ్చి ఆగింది. రాయుడు ఎప్పటిలాగే దిగలేదు. నవ్వుతూ అందరినీ ఒక చూపు చూశాడు. "ఆయమ్మ మాటలు పట్టించుకోవద్దండప్పా. కూతురికి బాగలేక మతి చెడింది పాపం. నీళ్లు శుభ్రంగా ఉండాయి. ఫోటో పెట్టినా గదా."

"ఎప్పటి నుంచమ్మా?" అంది హరిత. "ఎన్ని దినాల నుంచి ఆ నీళ్లు?"

"తేరు అయిన గురువారం నుంచి."

రాయుడు పకపకా నవ్వాడు. "చూసినారా, వారంతో సహా చెప్తాండాది. అంత కచ్చితంగా ఎట్ల తెలిసిందమ్మా నీకు? సంపులో కూర్చోని చూసినావా?"

అమీర్ బీ తలెత్తింది.

"ఆ పొద్దు నుంచే నువ్వు నా ఉగ్గాని ముట్టలే, రాయుడన్నా."

ఆరేళ్లు అతను ఆ బండి పక్కన ప్లేటు పట్టుకుని తినడం చూడనివాళ్లు అక్కడ ఒక్కరూ లేరు. షుగర్ వచ్చిందని అందరికీ చెప్పుకున్నాడు. స్టేషన్ గేటు దగ్గర రోజూ రెండు ప్లేట్లు లాగించడం హమాలీలు చూస్తూనే ఉన్నారు. చూసి నవ్వుకున్నారే కానీ రెంటినీ కలిపి ఆలోచించలేదు. ఇప్పుడు కలిపారు. ఒక్కొక్కరే అటు తిరిగారు. రాయుడి నవ్వు పెదవుల మీదే ఉండిపోయింది, దాన్నేం చెయ్యాలో అతనికి తెలియలేదు. స్కూటర్ స్టార్ట్ చెయ్యబోయాడు. ముసలి హమాలీ నింపాదిగా ముందుకు వచ్చి, తాళంచెవి తిప్పి బయటికి తీసి, నడుముకు దోపుకున్నాడు.

"దిగప్పా" అన్నాడు. "ఆ సంపు మాకూ చూపిద్దువు రా."

అమీర్ బీ ఆగి చూడలేదు. ఒక చేత్తో సంచి అందుకుంది, రెండో చేత్తో హరిత చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుంటుందేమోనని ఒక్క క్షణం భయపడింది. హరిత లాక్కోలేదు. ఇద్దరూ ఆస్పత్రి వైపు నడిచారు.